తక్కువ ఖర్చుతో అన్నపూర్ణ సర్క్యూట్: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

అన్నపూర్ణ సర్క్యూట్ అంటే నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ రోజుల తరబడి నడిచే ట్రెక్కింగ్ దారి. నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు. అయినా పాస్‌పోర్టో, ఒరిజినల్ ఓటరు కార్డో బ్యాగులో ఉండాలి. ఆధార్‌ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. విమానం ఖర్చు వద్దనుకుంటే గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, అక్కణ్ణుంచి సునౌలీ సరిహద్దుకు బస్సెక్కండి.

మన 100 నోట్లు కొన్ని ఉంచుకుని, మిగతా డబ్బు నేపాలీ రూపాయల్లోకి మార్చుకోండి. మన రూపాయికి వాళ్లవి 1.60. పైకి వెళ్లేకొద్దీ ఏటీఎంలను నమ్ముకోలేం కాబట్టి, రోజుల లెక్క వేసుకుని, రెండు మూడు రోజులకి అదనంగా పెట్టుకోండి.

డబ్బు ఎక్కడైనా మిగుల్చుకోండి గానీ, ఎత్తు విషయంలో మాత్రం తొందర వద్దు. ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తైన థోరాంగ్ లా కనుమ 5,416 మీటర్లు. 3,000 దాటాక, పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు. దారిలోని మనాంగ్ ఊళ్లో (3,540 మీటర్లు) ఒంటికి ఎత్తు అలవాటవడానికి ఒక రోజు ఆగితీరాలి. ఆ ఒక్క రాత్రి ఖర్చుకి వెనకాడకండి. తలనొప్పికి వాంతులు తోడైతే అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు కావచ్చు, పైకెక్కడం ఆపేయండి. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. నడక తూలినా, మాట తడబడినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే దింపేయండి.

లాడ్జిలో గది చవకే, అయితే భోజనం అక్కడే చెయ్యాలి. దాల్ భాత్ చెప్పండి, అన్నం, పప్పు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. ఫోన్ చార్జింగ్‌కీ, వేణ్ణీళ్లకీ చాలాచోట్ల విడిగా కట్టాలి. పవర్‌బ్యాంకు తీసుకెళ్లండి. నీళ్లు శుద్ధి చేసే క్లోరిన్ మాత్రలు కూడా ఉంటే సీసా నీళ్లు కొనే పని తప్పుతుంది.

ఇన్సూరెన్స్ కాగితంలో ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో, ఆపదలో కిందికి తెచ్చే హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో చదివాకే డబ్బు కట్టండి.