పాత ఎఫెక్ట్స్ ర్యాకా, కొత్త ప్లగినా? డబ్బు తీసేముందు జబ్బు తెలుసుకోండి

పాత ఎఫెక్ట్స్ ర్యాక్ అంటే పాటకు ప్రతిధ్వని లాంటివి జోడించే పెట్టె; ప్లగిన్ అంటే అదే పని కంప్యూటర్‌లో చేసే సాఫ్ట్‌వేర్. పాత పెట్టె కొనాలన్న కోరిక చాలాసార్లు మిక్స్‌లో (ట్రాక్‌లన్నీ కలిపిన పాటలో) ఏదో చెవికి ఎక్కనప్పుడే పుడుతుంది. ఆ లోపం ఎక్కడుందో తేలితే చాలా సందర్భాల్లో ఏదీ కొనక్కర్లేదు. అందుకే ఇక్కడ ముందు లక్షణం, తర్వాత కారణం, ఆ తర్వాతే ఖర్చు.

గొంతు మీద రివెర్బ్ (ప్రతిధ్వని) "స్స్" అని చిమ్ముతోంది, పాత రికార్డింగుల మెత్తదనం లేదు

ఎక్కువమందిని పాత ర్యాకుల వైపు లాగేది ఇదే. 1980ల నాటి యమహా ఎస్‌పీఎక్స్ 90ని చూడండి. దాని శాంప్లింగ్ రేటు (సెకనుకు ధ్వనిని కొలిచే వేగం) 31.25 కిలోహెర్ట్జ్, కాబట్టి ఎఫెక్ట్ ధ్వని 12 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఈనాటి ప్లగిన్ 20 కిలోహెర్ట్జ్ దాకా ప్రతిధ్వనిస్తుంది. స, ష, చ లాంటి హల్లులు తోకలో (ప్రతిధ్వని మెల్లగా తగ్గే భాగంలో) మెరిసి గొంతు కంటే ముందుకు వచ్చేస్తాయి. మనం "వెచ్చదనం" అని మురిసిపోయేదాంట్లో పెద్ద వాటా ఈ పైభాగం లేకపోవడమే.

పరిష్కారం పైసా ఖర్చు లేనిది. రివెర్బ్‌ను సెండ్ మీద (గొంతు ప్రతిని పంపే వేరే దారిలో) పెట్టి, రిటర్న్‌లో (అది తిరిగొచ్చే ఛానెల్‌లో) 8 నుంచి 10 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్ (పై ధ్వనుల కోత), 200 హెర్ట్జ్ దగ్గర లో కట్ (కింది ధ్వనుల కోత) వేయండి. రివెర్బ్‌కు ముందు, ఆ సెండ్ దారిలో మాత్రమే, 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య పట్టే డీ-ఎస్సర్ ("స్స్"ను అణిచే ఎఫెక్ట్) పెట్టండి. ప్రీ-డిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు విరామం) 25 నుంచి 40 మిల్లీసెకండ్లు. ఎస్‌పీఎక్స్ 90కి ఇన్‌పుట్ ఒక్కటే గనుక, సెండ్‌ను మోనో చేస్తే ఇంకాస్త దగ్గరవుతుంది. ఆ పెట్టెలోని పిచ్ ప్రోగ్రామ్‌తో గొంతును వెడల్పు చేసే పాత ఉపాయం కావాలంటే, ఎడమకు 8 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైకి, కుడికి 8 సెంట్లు కిందికి జరిపి, రెండింటికీ 10 నుంచి 20 మిల్లీసెకండ్ల మధ్య వేర్వేరు డిలే ఇవ్వండి. తర్వాత శబ్దస్థాయి సమానం చేసి పోల్చండి. కాస్త గట్టిగా వినిపించేదే బాగున్నట్టు చెవికి తోస్తుంది.

ఇంత చేశాక కూడా తోకలోని గరుకుదనం, కదలిక కావాలనిపిస్తే, అప్పుడు పాత పెట్టె గురించి ఆలోచించడం న్యాయం.

ర్యాక్ కలపగానే గొంతు పలుచబడింది, గొట్టంలోంచి వస్తున్నట్టుంది

పెట్టె లోపలి మిక్స్ 100 శాతం ఎఫెక్ట్ మీద లేదు. అసలు ధ్వని కూడా దాంట్లోంచి ఆలస్యంగా తిరిగొచ్చి, నేరుగా వస్తున్న దానితో కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను కొట్టేస్తోంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు కూడబెట్టే ధ్వని) అంటే ఒక వైపుకే 5.3 మిల్లీసెకండ్లు. రానూ పోనూ కలిపి దాదాపు 11.

బ్యాలెన్స్‌ను 100కు తిప్పండి. డా (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్)లో బయటి పెట్టెను కలిపే హార్డ్‌వేర్ ఇన్సర్ట్ ఉంటే దాని ఆలస్యం కొలిచే సదుపాయం వాడండి. రివెర్బ్‌కైతే ఈ ఆలస్యం ప్రీ-డిలేలా పనిచేస్తుంది, 30 కావాలంటే పెట్టెలో 19 పెడితే చాలు. కంప్రెసర్‌కో కోరస్‌కో అయితే సరిచేయక తప్పదు.

తోక వెనక "హిస్స్"

పెట్టెకూ, ఆడియో ఇంటర్‌ఫేస్‌కూ (కంప్యూటర్‌కు ధ్వనిని చేర్చే పరికరం) మధ్య లెవెల్ (సిగ్నల్ బలం) పొంతన లేదు. ఇంటి పరికరాల -10 డీబీవీకి, స్టూడియో +4 డీబీయూకి మధ్య తేడా 11.8 డీబీ. వెనక లెవెల్ స్విచ్ ఉంటే ఇంటర్‌ఫేస్‌కు తగ్గట్టు మార్చండి. అతి గట్టి పదం వచ్చినప్పుడు మీటర్ ఎరుపుకు ఒక మెట్టు కింద ఆగేలా ఇన్‌పుట్ పెంచి, రిటర్న్ తగ్గించండి.

అడాప్టర్ పెట్టినా వెలగడం లేదు

అలెసిస్ క్వాడ్రావెర్బ్, లెక్సికాన్ ఎంపీఎక్స్ 100 లాంటివి 9 వోల్టుల ఏసీ అడుగుతాయి. బజారులో చేతికందే అడాప్టర్లలో ఎక్కువ డీసీవి, ప్లగ్ సరిగ్గా పట్టినా పనికిరావు. అవుట్‌పుట్ దగ్గర "ఏసీ" అని రాసి, పెట్టె అడిగినంత కరెంట్ ఇవ్వగలిగేది వెతకండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడొచ్చు. జపాన్ నుంచి వచ్చిన ర్యాక్‌కు 100 వోల్టులు కావాలి. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీద వేడెక్కుతూ నడుస్తుంది, 230కి నేరుగా పెడితే కాలిపోతుంది.

గుంయ్‌మనే హమ్

ఆడియో కేబుళ్లన్నీ తీసేసి, పెట్టె అవుట్‌పుట్ ఒక్కటే కలిపి వినండి. హమ్ పోతే అది గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్‌లు కేబుళ్ల ద్వారా కలిసి ఏర్పడే వలయం). అన్నిటినీ ఒకే ప్లగ్‌బోర్డుకు మార్చండి, బ్యాలెన్స్‌డ్ కేబుల్ అయితే ఒక చివర షీల్డ్ విప్పండి. మెయిన్స్ ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీయకండి. హమ్ అలాగే ఉండి, 100 హెర్ట్జ్ దగ్గర బలంగా ఉంటే పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించాలి. అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజ్, 105 డిగ్రీల రకం వేయించాలి. ప్లగ్ తీసినా వాటిలో ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. అలవాటు లేనివాళ్లు మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

ఆఫ్ చేస్తే ప్రోగ్రాములు మాయం

లోపలి 3 వోల్టుల లిథియం బ్యాటరీ అయిపోయింది. చాలావాటిలో దాన్ని నేరుగా బోర్డుకు సోల్డర్ చేసి ఉంచుతారు. మిడి బల్క్ డంప్ (ప్రోగ్రాములన్నీ మిడి కేబుల్ మీద పంపే సదుపాయం) ఉంటే, పెట్టె ఆఫ్ చేయకముందే ఇప్పుడున్న మెమరీని కంప్యూటర్‌లోకి దించుకుని, పాతది తీశాక హోల్డర్ వేయించండి. తర్వాతిసారి సోల్డరింగ్ అక్కర్లేదు.

ప్లగిన్ల వైపు జబ్బు: పాత సెషన్ తెరిస్తే రివెర్బ్ లేదు

కొత్తది కొంటే శాశ్వతం అనుకోకండి. 2019లో వచ్చిన మ్యాక్ కాటలీనా 32 బిట్ ప్లగిన్లను పూర్తిగా ఆపేసింది. మిక్స్ పూర్తయిన రోజే ప్రతి ఎఫెక్ట్ రిటర్న్‌నూ వేవ్ ఫైల్‌గా రికార్డు చేసి దాచండి. మోగేటప్పుడు టిక్కుటిక్కుమంటే, ఒక్కో ట్రాక్‌కూ వేరే రివెర్బ్ పెట్టారేమో చూడండి. రెండు సెండ్లకు కుదించి, మిక్సింగ్‌లో బఫర్‌ను 1024 శాంపిళ్లు చేయండి.

చివరికి ఏది?

మీ ఇంటర్‌ఫేస్‌కు రెండే అవుట్‌పుట్‌లుంటే అవి స్పీకర్లకే సరి. ర్యాక్ కోసం మరో అవుట్‌పుట్, తిరిగి రావడానికి రెండు లైన్ ఇన్‌పుట్‌లు కావాలి. ఇంటర్‌ఫేస్ మార్పు, కేబుళ్లు, కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ కలిపి లెక్కేయండి. పెట్టె ధరే బడ్జెట్‌లో మూడింట రెండొంతులు దాటితే వదిలేయండి. పొడవైన, భారీ రివెర్బ్‌కు వల్హల్లా సూపర్‌మాసివ్ లాంటి ఉచిత ప్లగిన్లతో మొదలుపెట్టండి. పెట్టె కొనాలనే అనిపిస్తే, అమ్మేవారి దగ్గర దాన్ని 30 నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆ తర్వాతే వినండి. డిస్‌ప్లే మసకబారడం, అవుట్‌పుట్ ఒక వైపు ఆగిపోవడం, కరకరలు ఇలాంటి వేడి జబ్బులు మొదటి ఐదు నిమిషాల్లో బయటపడవు.