పక్షుల వార్తలు మెయిల్‌కి రప్పించుకోవడం ఎలా?

మా శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు పక్షుల సంగతి పేపరెక్కేది ఏడాదికి రెండుసార్లే. తేలినీలాపురానికి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వచ్చినప్పుడు ఒకసారి, తిరిగి వెళ్లిపోయేటప్పుడు ఇంకోసారి. ఆ రెండుసార్లూ "సైబీరియా అతిథులు" అనే రాస్తారు! గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. సైబీరియా మొహం చూసి ఎరగదు. బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి, పిల్లలు పేపరు కటింగ్ పట్టుకొచ్చి అడిగితే సరైన జవాబు చెప్పాలిగా. అందుకే మెయిల్ దారి పట్టాను. పైసా ఖర్చు లేదు.

అన్నిటికంటే పనికొచ్చేది గూగుల్ అలర్ట్స్, మనమిచ్చిన మాట ఏ కొత్త వార్తలో కనబడినా మెయిల్ పంపుతుంది. న్యూస్‌లెటర్లలో మన జిల్లా పేరు ఎప్పుడో గానీ కనబడదు, ఆ లోటు ఇది తీరుస్తుంది. అందులో "తేలినీలాపురం" అని కొట్టండి. కొన్ని పేపర్లు "తేలినీలపురం" అని రాస్తాయి, దానికి వేరే అలర్ట్ పెట్టండి. ఇంగ్లీషు స్పెల్లింగులు కూడా రెండు మూడు రకాలున్నాయి, వాటినీ వదలొద్దు. ఇచ్ఛాపురం దగ్గర నత్తగుల్ల కొంగలు దిగే తేలుకుంచికి ఒకటి, సముద్ర తాబేళ్ల వార్తలకి "ఆలివ్ రిడ్లే శ్రీకాకుళం" అని ఒకటి. ఆప్షన్లలో భాష ఏదైనా ఫర్వాలేదని, వారానికోసారి పంపమని పెట్టండి. రోజూ పంపమంటే రెండో వారానికే విసుగొస్తుంది.

2021 చివర్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చచ్చిపోతుంటే ఊళ్లో అందరికీ బర్డ్ ఫ్లూ టెన్షనే. పరాన్నజీవి పురుగుల వల్లని తర్వాత పరీక్షల్లో తేలింది. మొదటి వార్త అందరికీ చేరుతుంది, రెండోది చేరదు. అలర్ట్ ఉంటే ఆ రెండోదీ మన ఇన్‌బాక్స్‌కి వస్తుంది.

తర్వాత, పక్షులు చూసేవాళ్లు తమకు కనబడ్డవి నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఖాతా తెరవండి. మీరింకా నమోదు చెయ్యని పక్షి మీ ప్రాంతంలో ఎవరికైనా కనబడితే మెయిల్ పంపే అలర్ట్ అందులో ఉంది. దేశం మొత్తం కబుర్లకి పర్యావరణ వార్తల సైట్ మోంగాబే ఇండియా న్యూస్‌లెటర్ ఒక్కటి చాలు. ఇంగ్లీషులో వస్తుంది, కష్టమనిపిస్తే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసుకోండి. పక్షుల పేర్లు మాత్రం అది ఘోరంగా మారుస్తుంది, అవి ఇంగ్లీషులోనే చూసుకోవాలి. 2023లో "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతులపై ముందుగా శ్రద్ధ పెట్టాలని చెప్పింది. అలాంటివి వచ్చినప్పుడు మెయిల్‌లోని లింకు నొక్కి అసలు నివేదికే తెరవండి, సారాంశంతో సరిపెట్టుకోవద్దు.

న్యూస్‌లెటర్‌కి పేరిచ్చి చేరగానే "కన్ఫర్మ్ చెయ్యండి" అని ఒక మెయిల్ వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే అది స్పామ్‌లో పడుంటుంది. వెతికి నొక్కండి. న్యూస్‌లెటర్ ప్రమోషన్స్‌లోకి పోతుంటే ప్రైమరీలోకి లాగండి. జీమెయిల్‌లో "పక్షులు" అని ఒక లేబుల్ చేసి, ఫిల్టర్ పెడితే అన్నీ అక్కడే చేరతాయి. ఫిల్టర్ ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్‌లో పెట్టాలి.

జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ఎవరైనా తమ చుట్టూ కనబడే పక్షుల్ని లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటాయి. వాటి మెయిళ్లకు స్టార్ పెట్టుకోండి, తేదీ దాటాక చూస్తే లాభం లేదు. విరాళాలు అడిగే మెయిళ్లు కూడా వస్తాయి. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే అడుగున చిన్న అక్షరాల్లో అన్‌సబ్‌స్క్రైబ్ ఉంటుంది, మొహమాటం లేకుండా నొక్కేయండి.