ఆగి ఆగి మొరాయించే ఇంజిన్ – పాఠం 4: వేడెక్కితే చచ్చిపోయే క్రాంక్ సెన్సర్

బ్యాటరీ, ఎర్త్ వైర్ల దగ్గర వోల్టేజి ఎంత పోతోందో కొలవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ కొలతలన్నీ సరిగ్గా ఉన్నా బండి దారిలో ఆగిపోతుంటే ఈ పాఠం పనికొస్తుంది.

లక్షణాలు ఇలా ఉంటాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. గంటసేపు నడిచాక, ముఖ్యంగా ఎండాకాలం ట్రాఫిక్‌లో, ఉన్నట్టుండి ఇంజిన్ ఆరిపోతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. బానెట్ ఎత్తి అరగంటో ముప్పావుగంటో వదిలేస్తే మళ్లీ మామూలుగా స్టార్టవుతుంది. షెడ్డుకు చేరేసరికి లోపం కనిపించదు. కనిపించని లోపానికి ఊహ మీద ఫ్యూయల్ పంపు, ప్లగ్గులు, కాయిల్ ఒకటొకటిగా మారుస్తూ పోతే యజమాని డబ్బు పోతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఈ పాఠాలన్నిటికీ ఒకటే నియమం: బండి ఆగిన సమయంలో ఇంజిన్‌కు ఏది అందడం లేదో తేలేదాకా ఏ పార్టూ విప్పకూడదు.

ఇంజిన్ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సర్ మీద ముందుగా అనుమానం ఎందుకంటే, అది లేకపోతే ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి) ఇంజిన్ తిరుగుతున్నట్టే తెలియదు. చాలా ఇంజిన్లలో ఫ్లైవీల్ దగ్గరో, క్రాంక్ పుల్లీ దగ్గరో ఒక పళ్ల చక్రం ఉంటుంది. 60 పళ్లకు చోటున్నా 58 పళ్లే ఉంటాయి. పంటికీ పంటికీ మధ్య 6 డిగ్రీలు. ఆ రెండు పళ్ల ఖాళీని బట్టే పిస్టన్ ఎక్కడుందో ఈసీయూ లెక్కగడుతుంది. సిగ్నల్ ఆగిపోతే ఇంజెక్టర్లకు ఆర్డరు ఆగిపోతుంది, పెట్రోల్ బండిలో స్పార్కూ ఆగుతుంది, ఎలక్ట్రిక్ పంపు రిలే కూడా వదిలేస్తుంది. చూసేవాళ్లకు పంపు పోయినట్టే అనిపించేది ఇందుకే.

ఇక ఆగే సమయంలో ఏం గమనించాలో చూద్దాం. గేరులో, క్లచ్ వదిలి నడుస్తున్న బండిలో ఇంజిన్ ఆరిపోయినా చక్రాలే దాన్ని ఇంకా తిప్పుతుంటాయి. ఆ సమయంలో ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే సిగ్నల్ పోయినట్టు. బండి వేగంతో పాటే మెల్లగా దిగితే సిగ్నల్ ఉంది, ఇంధనమో స్పార్కో అందడం లేదు. కొన్ని బళ్లలో డాష్‌బోర్డు ముల్లు ఆలస్యంగా కదులుతుంది కాబట్టి స్కానర్ (ఈసీయూ సమాచారాన్ని చదివే పరికరం) లైవ్ డేటాలో ఆర్‌పీఎంని రికార్డు చేసుకుంటే నమ్మకంగా తేలుతుంది. స్కానర్ పట్టుకుని ఇంకొకరు పక్కన కూర్చోవాలి. ఇంజిన్ ఆరితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు బూస్టర్‌లో రెండు మూడు తొక్కులకు సరిపడా వాక్యూమే మిగులుతుంది. అందుకే ఖాళీ రోడ్డు మీదే ఈ పరీక్ష చేయండి. బండి కదులుతుండగా తాళంచెవి తీయొద్దు.

బండి ఆగాక వెంటనే సెల్ఫ్ కొడుతూ స్కానర్ చూడండి. సెల్ఫ్ ఆరోగ్యంగా ఉంటే 200 నుంచి 300 ఆర్‌పీఎం కనిపించాలి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నాయే చూపిస్తే దారి దొరికినట్టే. ఆర్‌పీఎం వస్తోందంటే ఇంధనం వైపు వెళ్లండి: కామన్ రైల్ డీజిల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హైప్రెజర్ గొట్టం, అంటే రైలు, నుంచి డీజిల్ అందేది) స్టార్టు కావడానికి రైలు ప్రెజర్ సుమారు 200 బార్‌కు చేరాలి, పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోల్‌లో (సిలిండర్‌లోకి గాలి వెళ్లే దారిలో పెట్రోల్ చల్లేది) సాధారణంగా 3 నుంచి 4 బార్ ఉండాలి. డీజిల్ హైప్రెజర్ పైపును మాత్రం వదులు చేసి చూడొద్దు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

స్కానర్‌లో లోపం కోడ్ రాలేదని సెన్సర్ మంచిదని తేల్చేయకండి. సిగ్నల్ పూర్తిగా ఆగిపోతే, ఇంజిన్ ఆగిందో సెన్సర్ చచ్చిందో ఈసీయూకి తేడా తెలియదు. క్యామ్ సిగ్నల్ (వాల్వులను నడిపే క్యామ్ షాఫ్టు సెన్సర్‌ది) వస్తూ క్రాంక్ సిగ్నల్ రాకపోతేనే పట్టుకుంటుంది. పి0335, పి0336, పి0339 లలో ఏదైనా పెండింగ్‌లో ఉంటే అది బలమైన ఆధారం. చెరిపేయకముందే ఫ్రీజ్ ఫ్రేమ్‌లో (కోడ్ పడిన క్షణంలో ఈసీయూ దాచిన రీడింగులలో) కూలెంట్ వేడి ఎంతుందో రాసుకోండి.

కొలత దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. రెండు వైర్లుంటే సాధారణంగా అయస్కాంతం, తీగచుట్ట ఉన్న సెన్సర్. చాలావాటికి నిరోధం 500 నుంచి 1,500 ఓమ్‌ల మధ్య వస్తుంది, అసలు అంకె బండి మాన్యువల్‌లో చూసుకోవాలి. వేడెక్కితే రాగి తీగ నిరోధం డిగ్రీకి 0.4 శాతం దాకా పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 900 ఓమ్‌లు చూపించిన చుట్ట 100 డిగ్రీల దగ్గర 1,130 చూపిస్తే అది సహజమే, దాన్ని పారేయకండి. వేడి మీద మీటరు ఓపెన్ (దారి తెగినట్టు) చూపిస్తేనో, అంకె నిలవకుండా ఎగిరిపడుతుంటేనో లోపల తీగ తెగినట్టు. మూడు వైర్లది సాధారణంగా హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే ఎలక్ట్రానిక్ చిప్పు ఉన్నది), దానికి ఓమ్‌ల పరీక్ష పనికిరాదు. సప్లై 5 వోల్టులో 12 వోల్టులో అందాలి. సెన్సర్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.1 వోల్టు మించకూడదు. పుల్లీ బోల్టును స్పానర్‌తో ఇంజిన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పుతుంటే సిగ్నల్ వైరు పైకీ సున్నా దగ్గరికీ మారుతూ ఉండాలి.

లోపం షెడ్డులో రాకపోతే మనమే రప్పించాలి. ఇంజిన్ నడుస్తుండగా హెయిర్ డ్రయ్యర్‌తో సెన్సర్‌ను మాత్రమే వేడి చేయండి. హీట్ గన్ అయితే దూరం నుంచి, ప్లాస్టిక్ మెత్తబడకుండా. ఆరిపోతే తడిగుడ్డ వేసి చల్లార్చి వెంటనే సెల్ఫ్ కొట్టండి. అందుకుంటే సెన్సర్ దోషం రుజువైనట్టే. ఎగ్జాస్టు, టర్బో మీద నీళ్లు పడనీయొద్దు. వేడికి ఏమీ కాకపోతే హార్నెస్‌ను (సెన్సర్ వైర్ల కట్టను) జానెడు జానెడు చొప్పున కదుపుతూ రండి. ఎగ్జాస్టుకు రాసుకునే మలుపు, గేర్‌బాక్సు క్లిప్పు, ఎలుకలు కొరికే చోటు, నూనె దిగిన కనెక్టర్, బిగువు పోయిన పిన్ను: ఈ అయిదింటినీ తప్పకుండా చూడండి. రెండు వైర్ల సెన్సర్‌కైతే నిరోధాన్ని బ్యాటరీ విప్పి, ఈసీయూ కనెక్టర్ వైపు నుంచి కూడా కొలవండి. అక్కడ ఓపెన్, సెన్సర్ దగ్గర సరిగ్గా ఉంటే తప్పు వైరుది.

కొత్తది బిగించేముందు పాతదాని కొనకు ఇనుప రజను పట్టి ఉందేమో చూడండి. ఎక్కువగా ఉంటే పళ్ల చక్రాన్ని కూడా పరీక్షించాలి. చోటు శుభ్రం చేసి, ఓ-రింగుకు కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి, సెన్సర్ పూర్తిగా కూర్చున్నాకే బోల్టు బిగించండి. చాలా బళ్లలో 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. బోల్టుతో లాగి కూర్చోబెడితే ప్లాస్టిక్ చెవి పగులుతుంది.

వచ్చే పాఠంలో ఇదే సిగ్నల్‌ను ఆసిలోస్కోపు మీద చూస్తాం. ఈలోగా మీ దగ్గరున్న మంచి బండిలో క్రాంక్ సెన్సర్ ఎక్కడుందో, ఎన్ని వైర్లో, సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్ ఎంత ఆర్‌పీఎం చూపిస్తోందో రాసి ఉంచుకోండి. రెండు వైర్లదైతే చల్లగా ఉన్నప్పుడొకసారి, అరగంట నడిపాక మరోసారి నిరోధం కొలిచి రెండంకెలూ తెచ్చుకోండి.