బయట గలగలా మాట్లాడే పిల్లవాడు పాఠంలో నోరు మెదపకపోతే

సమస్య: నాలుగో తరగతి పిల్లవాడు ఆటస్థలంలో గోళీల తగవును తెలుగులోనే తీర్చగలడు, పుస్తకం తెరిచి ‘కారణాలు వివరించండి’ అనగానే తల దించుకుంటాడు. మనం దానికి అశ్రద్ధ అని పేరు పెడతాం.

ముందు చూడవలసినది: తల్లితో ఏ భాషలో మాట్లాడతావని పిల్లవాణ్ణి అడగండి. మన శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస మండలాల సవర గిరిజనుల గూడేలలోనైనా, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలోనైనా, అర నిమిషం పట్టే ఈ ప్రశ్నను వదిలేసి, రిజిస్టరులో మాతృభాష గడిలో ‘తెలుగు’ అని ఉన్నదని తృప్తిపడేవారిని చూసి విసిగిపోయాను.

అసలు కారణం: రెండేళ్లు నేనే మోసపోయాను. ఒక సవర బాలుడు నాతో చక్కటి తెలుగులో కబుర్లు చెప్పేవాడు కనుక, అర్థం కాని పాఠాన్ని అదే తెలుగులో గొంతు పెంచి మళ్లీ చెప్పేవాణ్ణి. నలుగురితో మాట్లాడే భాష వేరు, చదువుకు కావలసిన భాష వేరని భాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే విడదీసి చూపారు. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది, రెండవదానికి ఐదేళ్లో, అంతకు మించో కావాలి. ఆటలో ఎదుటివాడి ముఖం, సైగ, చేతిలోని గోళీ అర్థాన్ని అందిస్తాయి. ‘ఆవిరి కావడం’, ‘పోల్చడం’ వంటి మాటలకు పుస్తకంలో ఆ ఊతం ఉండదు. పైగా సవర ముండా కుటుంబపు భాష కావడంతో, ద్రావిడ భాషయిన తెలుగు మాటలను ఇంటి మాటల పోలికతో ఊహించే వీలు కూడా తక్కువ.

నిర్ధారణకు అదే ప్రశ్నను బొమ్మ చూపి అడగండి. వేలితో సరిగా చూపగలిగితే విషయం వచ్చు, భాషే అడ్డు.

పరిష్కారం: పాఠానికి ముందు ఐదారు కొత్త మాటలను వస్తువులతో, చేతలతో పరిచయం చేయండి. తరువాత ఇద్దరు ముగ్గురిని కలిపి ఇంటి భాషలోనే చర్చించుకోనివ్వండి; ఆపై తెలుగులో నోటితో చెప్పించి, చివరకు రాయించండి. తరగతిలో సవర మాట్లాడరాదన్న ఆంక్ష ఉంటే ముందుగా దానిని ఎత్తివేయాలి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండగా తానే సవర నేర్చుకొని, ఆ భాషలోనే బడులు నడిపించారు. మనల్ని అంత కష్టపడమని ఎవరూ అనడం లేదు, ఓ ఇరవై మాటలు నేర్చుకుంటే చాలు. సైన్సు జవాబులో విభక్తి తప్పిందని మార్కులు తగ్గించకండి.

అరుదైన కారణాలు: ముందు బల్లకు మార్చగానే మెరుగైతే చూపునో వినికిడినో పరీక్ష చేయించండి. ‘నాను’, ‘మావు’ అనే మన జిల్లా యాసను మాత్రం నిందించకండి. దానికీ ఈ మౌనానికీ సంబంధం లేదు.