సెమిస్టరు పాఠాన్ని చివరి రోజు నుంచి వెనక్కి సిద్ధం చేసుకోవడం: డిగ్రీ అధ్యాపకులకు ఒక పద్ధతి

కొత్త సెమిస్టరు మొదలయ్యే ముందు మనలో చాలామందిమి చేసే మొదటి పని, సిలబస్ కాగితం ముందు పెట్టుకొని యూనిట్లను వారాలకు పంచడం. ప్రిన్సిపాల్ సంతకానికి పంపే టీచింగ్ ప్లానుకు అది సరిపోతుంది గాని, విద్యార్థి ఏమి చేయగలిగినవాడై బయటికి వెళ్లాలన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతూ నేనూ చాలా ఏళ్లు ఆ పంపకమే చేశాను. సిలబస్ ప్రతిసారీ గడువుకు ముందే పూర్తయ్యేది. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు మాత్రం ఒకే గైడులోని ఒకే పేరా అరవై మంది చేతిరాతల్లో కనిపించేది.

అందుకని చివరి తరగతి నుంచి వెనక్కి రావాలి. అమెరికాలో విద్యావేత్తలు గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై 1990ల చివర్లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ముందుగా ఫలితం, అంటే విద్యార్థి ఏమి చేయగలగాలన్నది, ఆ తరువాత దాన్ని పరీక్షించే ప్రశ్న, అన్నిటికన్నా చివర పాఠం నిర్ణయమవుతాయి. ఒక పేపరుకు ఆరు ఫలితాలకు మించి రాసుకోవద్దు. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ కోసం ఫైలులో మనం నింపే 'అవగాహన పొందుతారు' వంటి మాటలు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే అవగాహన కంటికి కనబడదు. 'డిమాండ్ వ్యాకోచత్వాన్ని (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్నది) అర్థం చేసుకుంటారు' అనే బదులు 'ధర పడిపోయినప్పుడు రైతు మొత్తం ఆదాయం పెరుగుతుందో తగ్గుతుందో లెక్కగట్టి, కారణం చెప్పగలరు' అని రాసుకుంటే, పరీక్షించే ప్రశ్న దానంతటదే తయారవుతుంది. ఈ ఆరింటికీ తరగతి సమయంలో పెద్ద వాటా ఇవ్వాలి. మిగిలిన భాగాన్ని వదిలేసే అధికారం మనకు లేదు, విశ్వవిద్యాలయ ప్రశ్నపత్రం అక్కడి నుంచీ వస్తుంది. కాబట్టి దాన్ని ఇంటి దగ్గర చదవవలసిన పేజీలుగా, ఒక్కొక్కదానికి రెండు మూడు ప్రశ్నలు జోడించి ఇవ్వాలి.

పాఠం ఎలా మారుతుందో వ్యాకోచత్వం తరగతినే తీసుకొని చెబుతాను. మునుపు నేను నిర్వచనం చెప్పించి, ఐదు రకాల పటాలు గీయించి, గంట కొట్టగానే బయటికి వచ్చేవాణ్ణి. ఇప్పుడు నిర్వచనానికి ముందే బోర్డు మీద ఒక లెక్క రాస్తాను: నిరుడు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు 100 బస్తాల మిర్చి వచ్చింది, బస్తా ధర 100 రూపాయలు అనుకోండి, ఈ ఏడు బస్తాలు 120 అయ్యాయి, ధర 70కి దిగింది, రైతుల చేతికి వచ్చే మొత్తం పెరిగిందా, తగ్గిందా, మారలేదా? పెరిగిందనుకుంటే ఒక వేలు, తగ్గిందనుకుంటే రెండు, మారలేదనుకుంటే మూడు చూపాలి; పక్కవాడిని చూసి మార్చుకోకుండా చేతిని ఛాతీకి ఆనించి పట్టుకోవాలి. మొదటిసారి సగానికి పైగా ఒక వేలే చూపారు. అప్పుడు జవాబు చెప్పేయకుండా, వేరే వేలు చూపిన పక్కవారిని ఒప్పించమని మూడు నిమిషాలు ఇచ్చాను. నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, పోయినేడు కన్న బస్తాలు ఎక్కువనే అయినయి గని, మా బాపు చేతికి పైసలు తక్కువనే వచ్చినయి" అన్నది. 10,000 రూపాయలు 8,400కు దిగిన లెక్కను ఆ తరువాత ఎవరికీ విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు. చౌకగా దొరికిందని ఎవరూ కూరలో రెండింతల కారం వేసుకోరు గనుక డిమాండ్ అవ్యాకోచంగా ఉన్నదని, కొనుగోలు పెరిగిన 20 శాతాన్ని ధర తగ్గిన 30 శాతంతో భాగిస్తే వచ్చే 0.67 ఒకటి కన్నా తక్కువ కావడమే దాని గుర్తని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

ఈ చర్చా పద్ధతిని హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టారు. సరైన జవాబు ఇచ్చినవారు దాదాపు 30 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడే చర్చకు ఫలితం ఉంటుంది; అంతకు తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకు సాగాలి. కాబట్టి ప్రశ్న తయారీకే ఎక్కువ సమయం కేటాయించాలి. నిజం చెప్పాలంటే నా ప్రశ్నల్లో మూడో వంతు మరీ తేలికగానో మరీ కఠినంగానో తేలాయి. వాటిని మార్చి మరుసటి ఏడు వాడుకున్నాను.

ప్రశ్న అడిగాక మౌనంగా ఉండడం అన్నిటికన్నా కష్టం. అధ్యాపకులు సగటున ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, కారణాలతో సహా వస్తాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతులను పరిశీలించి తేల్చారు. మనసులో ఐదు వరకు లెక్కపెట్టుకోండి.

పరకాల, ములుగు దారుల్లో వచ్చే బస్సులను బట్టి మొదటి గంటలో కొందరు ఆలస్యంగానే చేరుతారు, వాళ్లను గుమ్మం దగ్గర నిలబెట్టి ప్రయోజనం లేదు. ఆ పది నిమిషాలను కొత్త విషయానికి కాక, గత వారం పాఠం నుంచి మూడు ప్రశ్నలకు వాడుకోవాలి. నోట్సు మూసి, గుర్తున్నంత రాయాలి, మార్కులు ఉండవు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివినవారు ఐదు నిమిషాల తరువాత ఎక్కువ చెప్పగలిగారు గాని, వారం తరువాత చూస్తే ఒకసారి చదివి, ఆపైన చూడకుండా గుర్తుచేసుకొని రాసినవారికే ఎక్కువ గుర్తుంది. మన విద్యార్థులు పరీక్ష ముందు రాత్రి గైడును నాలుగుసార్లు తిరగేసి, హాలులో తెల్లబోవడానికి కారణం చాలామటుకు ఇదే.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవారి సంగతి వేరుగా చూడాలి. ఇంగ్లీషులోనే మాట్లాడమంటే వారికి విషయం తెలిసీ నోరు పెగలదు. చర్చ తెలుగులో సాగనిచ్చి, చివర ఐదు నిమిషాల్లో అదే జవాబును రెండు మూడు ఇంగ్లీషు వాక్యాల్లో రాయించాలి. వ్యాకరణాన్ని ఆ రోజు దిద్దకండి. పారిభాషిక పదం సరిగా పడిందా అన్నది మాత్రం చూడండి.

ఇంటర్నల్ పరీక్షలో కనీసం ఒక ప్రశ్న ముందుగా రాసుకున్న ఆరు ఫలితాల నుంచి, తరగతిలో చెప్పని ఉదాహరణతో ఉండాలి. మిర్చితో చెబితే పరీక్షలో పత్తి అడగాలి, లేదా చార్జీలు పెంచితే ఆర్టీసీ ఆదాయం ఏమవుతుందో అడగాలి. మొదటిసారి మార్కులు పడిపోతాయి, విద్యార్థులు గొణుగుతారు, సహోద్యోగులు కూడా 'ఎందుకీ తలనొప్పి' అంటారు. అందుకే అటువంటి నమూనా ప్రశ్న ఒకటి పరీక్షకు రెండు వారాల ముందే తరగతిలో చేయించాలి.

వారానికి ఒకసారి, గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు, పేరు లేని చీటీ మీద 'ఈ రోజు అర్థం కానిది ఏమిటి' అన్నది రాయించి తీసుకోండి. అరవై చీటీలు చదవడానికి స్టాఫ్ రూంలో టీ తాగేంత సమయం చాలు. ఒకే మాట పది చీటీల్లో కనిపిస్తే మరుసటి రోజు పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి; ఆ మార్పును టీచింగ్ ప్లాన్ రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసిపెట్టుకుంటే, వచ్చే సంవత్సరం ఎక్కడ ఎక్కువ సమయం తీసుకోవాలో ఆ పేజీలోనే కనబడుతుంది.