మచ్చపడ్డ అభ్యర్థి గెలిచేలా ఉన్నాడా? ఓటరు చట్టప్రకారం ఏం చేయొచ్చు

మీ నియోజకవర్గంలో ఎమ్మెల్యే అభ్యర్థి ఒకరి మీద లంచమో, లైంగిక వేధింపో, భూకబ్జానో బయటపడింది. అయినా గాలి ఆయన వైపే వీస్తోంది. కోర్టుకెళ్లి ఎన్నిక ఆపించొచ్చా? ఆపించలేరు. ప్రక్రియ ఒకసారి మొదలయ్యాక కోర్టులు మధ్యలో జోక్యం చేసుకోకుండా రాజ్యాంగంలోని 329వ అధికరణ అడ్డుపడుతుంది. అభ్యంతరాలేవైనా ఫలితం వచ్చాకే, ఎన్నికల పిటిషన్ రూపంలోనే. కానీ ఆ పిటిషన్ నిలబడాలంటే పని నామినేషన్ల నాడే మొదలుపెట్టాలి.

1. ఆరోపణా, కేసా, శిక్షా తేల్చుకోండి

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడితే అనర్హత. అది విడుదలయ్యాక మరో ఆరేళ్లు కొనసాగుతుంది. అత్యాచారం, అవినీతి నిరోధక చట్టం కేసుల్లాంటి వాటిలో శిక్ష ఎంత చిన్నదైనా వేటు తప్పదు. పై కోర్టు దోష నిర్ధారణ మీద స్టే ఇస్తే మాత్రం అనర్హత ఆగుతుంది. కేసు విచారణలో ఉంటే పోటీకి అడ్డేమీ లేదు. జైల్లో ఉన్న మనిషి ఓటు వేయలేడు గానీ నామినేషన్ వేయొచ్చు. విడ్డూరమే, కానీ చట్టం అలాగే ఉంది.

2. అఫిడవిట్ ప్రతి వరుసా చదవండి

నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్, అంటే ఫారం 26 ప్రమాణ పత్రంలో పెండింగ్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు రాయాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా దీన్ని చూడొచ్చు. కేసుల గడిలో ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, సెక్షన్లు, కోర్టు పేరు ఉంటాయి. ఈ-కోర్టుల సైట్‌లో అభ్యర్థి పేరుతో వెతికి, వచ్చిన కేసులను వీటితో ఒక్కొక్కటిగా పోల్చండి. ఒక కేసు రాయకుండా వదిలేస్తే, అదే మీ చేతికి దొరికిన ఆధారం. వెంటనే ప్రింటు తీసి దాచండి.

3. ఎదురు అఫిడవిట్ ఇవ్వండి

నామినేషన్ల పరిశీలనకు అభ్యర్థులు, వారి ఏజెంట్లు, ఒక్కో ప్రతిపాదకుడు, వారు రాసిచ్చిన మరొకరే వెళ్లగలరు. మామూలు ఓటరుకు లోపలికి ప్రవేశం లేదు. అయితే అభ్యర్థి చెప్పింది తప్పని ఎవరైనా రిటర్నింగ్ అధికారికి ప్రమాణ పత్రం ఇవ్వొచ్చు. దాన్ని కూడా నోటీసు బోర్డుపై పెడతారు. అబద్ధం రాశాడన్న ఒక్క కారణంతో నామినేషన్ తిరస్కరిస్తారని మాత్రం ఆశపడకండి. తప్పుడు అఫిడవిట్‌కు అదే చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అది వేరే క్రిమినల్ కేసు.

4. ఉపసంహరణ గడువు దాటాక

అప్పుడు కుంభకోణం బయటపడితే పార్టీకే చేతులు కట్టేసినట్టవుతుంది. సస్పెండ్ చేసినా ఈవీఎంపై పేరు, గుర్తు అలాగే ఉంటాయి. మనిషిని మార్చలేరు. ఈ దశలో ఓటర్లకు విషయం తెలియడమే ముఖ్యం. కేసులున్న అభ్యర్థి ప్రచార సమయంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో వాటిని ప్రకటించాలి. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నామో పార్టీ కూడా కారణం చెప్పాలి. గెలుస్తాడన్నది కారణం కింద చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రకటనలు రాకపోతే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. డబ్బు, మద్యం పంపకాలైతే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్‌లో ఫొటో పంపండి.

నోటాకే అందరికన్నా ఎక్కువ ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు.

ఆధారం లేని పుకారు వాట్సాప్‌లో తిప్పకండి. అభ్యర్థి నడవడిక గురించి అబద్ధమని తెలిసీ ప్రచారం చేయడం కూడా ఎన్నికల నేరమే.

5. గెలిచాక 45 రోజులు

అసలు ఆయుధం ఇదే. ఆ నియోజకవర్గపు ఓటరైనా, అక్కడ పోటీ చేసినవారైనా ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కోర్టు మన్నించదు. డిపాజిట్ 2,000 రూపాయలే. అసలు ఖర్చు లాయరు ఫీజులదే.

'ఈయన అవినీతిపరుడు' అంటే సరిపోదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 100వ సెక్షన్‌లోని కారణాల్లో ఒకటి చూపించాలి: అనర్హత, అవినీతి పద్ధతులు (ఓటర్లకు లంచం, అనుచిత ప్రభావం లాంటి ఎన్నికల అక్రమాలు), నామినేషన్‌ను అక్రమంగా ఆమోదించడం వగైరా. క్రిమినల్ కేసులు దాచడం ఓటరుపై అనుచిత ప్రభావమేనని, అంటే అవినీతి పద్ధతేనని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అభ్యర్థే ఆ పని చేశాడని రుజువైతే, ఫలితం దానివల్లే మారిందని విడిగా చూపించక్కర్లేదు. అఫిడవిట్‌ను కేసులతో పోల్చి చూడమన్నది ఇందుకే.

ఓపిక కూడా కావాలి. ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. కొత్తగూడెంలో 2018 డిసెంబరు నాటి ఎన్నిక చెల్లదని తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది 2023 జులైలో. అఫిడవిట్‌లో వివరాలు దాచడమే కారణం. మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

6. గడువు దాటిపోతే

క్రిమినల్ కేసు ఆగదు. పదవిలో ఉండగా శిక్ష పడితే, 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, అప్పీలు పేరుతో మూడు నెలలు సీటు కాపాడుకునే వెసులుబాటు లేదు. అనర్హతపై వివాదం వస్తే 192వ అధికరణ కింద గవర్నర్‌కు రాయొచ్చు. ఆయన ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని, దాని ప్రకారమే నిర్ణయించాలి. సభకు సొంతంగా బహిష్కరించే అధికారమూ ఉంది. సభలో ప్రశ్నలు అడిగేందుకు డబ్బు తీసుకున్న వ్యవహారంలో 2005 డిసెంబరులో పార్లమెంటు 11 మంది ఎంపీలను ఇలాగే పంపించేసింది. 2007లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఎమ్మెల్యేని ఓటర్లే వెనక్కి పిలిచే హక్కు మాత్రం మన చట్టంలో లేదు.