చేతులు కాలకముందే: ఆడవాళ్ళ గ్రూపులో మన గోడు రాసే ముందు

రాత్రి పదకొండున్నరకి, కళ్ళు మండుతుంటే, పక్కమీద పడుకుని ఫోన్‌లో టకటకా కొట్టేసి, ఒక్కసారైనా వెనక్కి చదువుకోకుండా పోస్ట్ బటన్ నొక్కేసేవాళ్ళ కోసం ఇది. నేనూ ఆ బాపతే. మా ఆడపడుచు మీద కోపంతో ఒక గ్రూపులో రాశాను. పేరు రాయలేదు, ఫొటో పెట్టలేదు, ఊరు చెప్పలేదు, ఇంకేం భయం అనుకున్నాను. రాసిందల్లా ఇంతే: తనకి కవలలు, నర్సుగా నైట్ డ్యూటీలు, ఈమధ్యే మా ఇంటికి దగ్గరగా మారారు, డ్యూటీకి వెళ్తూ పిల్లల్ని నా దగ్గర దింపేసి పోతుంది, 'వదలొచ్చా' అని ఒక్కసారి కూడా అడగదు. తెల్లారేసరికి రెండొందల పైచిలుకు కామెంట్లు. సగం తనని తిట్టినవే. నిజం చెప్పొద్దూ, చదువుతుంటే హాయిగానే ఉంది. మధ్యాహ్నానికల్లా ఆ పోస్ట్ స్క్రీన్‌షాట్ తన ఫోన్‌లో ఉంది. తనతో పనిచేసే అమ్మాయి అదే గ్రూపులో ఉందట, "అక్కా, ఇది మీ గురించేనా?" అని పంపిందట.

అలాగని గ్రూపుల్లో రాయకండి అనడం లేదు. డాక్టర్ని అడగడానికి సిగ్గుపడి ఏడాదిపాటు దాచుకున్న ఒక ఇబ్బంది గురించి, ముక్కూ మొహం తెలియని ఒకావిడ అయిదు లైన్లలో "ఇది చాలామందికి ఉండేదే, ఫలానా డాక్టర్‌కి ఇలా చెప్పండి" అని రాసి నన్ను గట్టెక్కించింది కూడా ఇలాంటి చోటే. కానీ రాసే ముందు కాస్త ఆగితే సగం గొడవలు అసలు పుట్టవు.

ముందు పేరు సంగతి. పేరు రాయకపోతే ఎవరికీ తెలియదు అనేది ఉత్త భ్రమ. అమెరికాలో లటాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లోనే లెక్కవేసి చెప్పింది, పుట్టినతేదీ, ఆడా మగా, పోస్టల్ కోడ్, ఈ మూడు తెలిస్తే చాలు, ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని పేరు లేకుండానే గుర్తుపట్టే వీలుందని. మన విషయంలో ఇది ఇంకా తేలిక, ఎందుకంటే మనల్ని గుర్తుపట్టేది డిటెక్టివ్‌లు కాదు, చుట్టాలూ కొలీగ్సూ. కవలలు ఒక్కటే అయితే ఎవరికీ తట్టదు. కవలలు, నర్సు, నైట్ డ్యూటీ, కొత్తగా ఇల్లు మారడం, ఈ నాలుగూ కలిస్తే తెలిసినవాళ్ళకి ఇక పేరుతో పనేముంది? అందుకే రాసింది ముందు పెట్టుకుని, ప్రతి వివరం దగ్గరా ఇది లేకపోతే జవాబు మారుతుందా అని మిమ్మల్ని మీరే అడగండి. మారదు అంటే తీసేయండి. కవలలు 'ఇద్దరు పిల్లలు' అయిపోవచ్చు, నర్సు 'షిఫ్టు ఉద్యోగం' అయిపోవచ్చు, ఆడపడుచు 'దగ్గరి బంధువు' అయిపోవచ్చు. నా పోస్ట్‌కి వచ్చిన సలహాల్లో ఒక్కటి కూడా మారేది కాదు.

అయితే జవాబు ఆధారపడిన వివరాన్ని మాత్రం మార్చకండి. గర్భం ఎన్నో నెల, వాడుతున్న మందు ఏది, ఇల్లు ఎవరి పేరున ఉంది లాంటివి తప్పు చెప్తే వచ్చే సలహా కూడా తప్పే. అవి చెప్పడం ఇష్టం లేకపోతే ఆ ప్రశ్న అక్కడ అడగకపోవడమే మేలు. ఇంకోటి, మీ పోస్ట్ జాగ్రత్తగా రాసినా మీ ప్రొఫైల్ మీద నొక్కితే మూడేళ్ళ కిందటి పుట్టినరోజు ఫొటోలు బయటపడతాయేమో ఒకసారి బయటివాళ్ళలా చూసుకోండి. మనింట్లో మాత్రమే వాడే మాటలు, మా ఆయన ఊతపదం లాంటివి కూడా పట్టించేస్తాయి. మా తోడికోడలైతే వాక్యం తీరు చూసే నన్ను కనిపెట్టేస్తుంది.

ఇక ఎవరు చదువుతున్నారు అనేది. 'ఆడవాళ్ళకి మాత్రమే' అని బోర్డు పెట్టినంత మాత్రాన లోపల అందరూ ఆడవాళ్ళే అని కాదు. ఇది ఇప్పటి బెడద కూడా కాదు, 1980ల మొదట్లో కంప్యూసర్వ్ అనే అప్పటి ఆన్‌లైన్ సర్వీసు చాట్‌లో 'జోన్' అనే పేరుతో, ప్రమాదంలో వికలాంగురాలైన అమ్మాయిలా నటిస్తూ, ఎందరో ఆడవాళ్ళకి ప్రాణస్నేహితురాలై వాళ్ళ రహస్యాలన్నీ విన్న వ్యక్తి, చివరికి చూస్తే న్యూయార్క్‌లోని ఒక మగ సైకియాట్రిస్ట్. 1985లో అది పత్రికకెక్కింది. పోనీ మగవాళ్ళు రాకుండా గట్టిగా తనిఖీ చేస్తే? టీ అనే యాప్ అదే చేసింది. మగవాళ్ళ గురించి ఆడవాళ్ళు ఒకరినొకరు హెచ్చరించుకునే చోటు అది. మీరు ఆడవాళ్ళే అని రుజువు చేసుకోండి అంటూ సెల్ఫీలు, గుర్తింపు కార్డుల ఫొటోలు తీసుకుంది. 2025 జులైలో ఆ యాప్ నుంచి దాదాపు 72,000 ఫొటోలు బయటికి పొక్కాయి, వాటిలో ఒక 13,000 ఆ సెల్ఫీలూ కార్డులే. కాపలా కోసం అడిగిన కాగితాలే నడివీధిలో పడ్డాయి. కాబట్టి ఏ గ్రూపు అయినా సరే, చేరడానికి గుర్తింపు కార్డు అడిగితే నాకైతే రెండుసార్లు ఆలోచించాల్సిన విషయం.

అనానిమస్‌గా పెట్టే వీలుంది కదా అంటారేమో. ఫేస్‌బుక్ గ్రూపులో అలా పెట్టినా అడ్మిన్లకీ మోడరేటర్లకీ మీ పేరు కనిపిస్తుంది. ఆ అడ్మిన్ ఎవరో మీకు తెలుసా? మీ వీధిలో ఆవిడే అయితే? వాట్సాప్‌లో మెసేజ్‌లు 24 గంటలకో 7 రోజులకో 90 రోజులకో మాయమయ్యేలా పెట్టుకోవచ్చు, బాగానే ఉంటుంది, కానీ మధ్యలో ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తే దానికి గడువేమీ ఉండదు. పైగా అక్కడ మీ ఫోన్ నంబరే మీ పేరు. నేను ఇప్పుడు పెట్టుకున్న లెక్క ఒకటే: ఎవరి గురించి రాస్తున్నానో వాళ్ళే ఇది చదివినా నేను కళ్ళెత్తి మాట్లాడగలనా? లేకపోతే ఆ వాక్యం తీసేస్తాను.

టైమ్ కూడా చూసుకోవాలి. రాత్రి రాసినవి రాత్రే పెట్టకండి. ఎదుటి మనిషి మొహం కనపడనప్పుడు మనకి నోటికీ మనసుకీ మధ్య ఉండే తలుపు తెరుచుకుంటుంది. జాన్ సులర్ అనే సైకాలజిస్ట్ 2004లో ఆన్‌లైన్ డిస్ఇన్హిబిషన్ ఎఫెక్ట్ అనే పేరుతో దీనికి కారణాలన్నీ రాశాడు. కారణాలు ఏవైనా, మందు ఒకటే, నోట్స్ యాప్‌లో రాసుకుని పడుకోవడం. అసలు రాసుకోవడంలోనే సగం బరువు దిగుతుంది. జేమ్స్ పెన్‌బేకర్ అనే సైకాలజిస్ట్ 1986లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలేజీ పిల్లల చేత రోజుకి 15 నిమిషాలు, వరుసగా నాలుగు రోజులు, మనసుని కలచివేసిన సంగతుల గురించి రాయించాడు. లోపలి బాధతో సహా రాసినవాళ్ళు ఆ తర్వాతి నెలల్లో మిగతావాళ్ళకన్నా తక్కువగా డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. లైకులూ కామెంట్లూ లేకుండానే. నేను రాత్రి రాసుకున్నవాటిలో పదింట ఏడు పొద్దున్నే చూసి 'ఇదా ఇంత గొడవ' అని డిలీట్ చేసినవే.

మిగిలిన మూడింటి గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే పోస్ట్ పనికొచ్చేదీ చెడిపోయేదీ ఇక్కడే. మీకు ఏం కావాలి? సమాచారమా, సలహానా, లేక ఊరికే ఎవరైనా వింటే చాలా? ఇది మీకే తెలియకుండా రాస్తే వందమంది వంద రకాలుగా అర్థం చేసుకుంటారు. మామూలుగా మనం రాసేది ఇలా ఉంటుంది: "హాయ్ ఫ్రెండ్స్, చాలా బాధలో ఉన్నాను, పెళ్ళయినప్పట్నుంచీ ఇంతే, నా మాటకి విలువే లేదు, ఉద్యోగం చేస్తానంటే ఒప్పుకోవట్లేదు, ఏం చెయ్యాలో చెప్పండి ప్లీజ్." దీనికి ఏమొస్తాయి? సగం 'ధైర్యంగా ఉండండి సిస్టర్', సగం 'వదిలేసి వచ్చెయ్', నలుగురు మీ ఆయన గుణగణాల మీద తీర్పు. అదే ఆడమనిషి, అదే బాధ, ఇలా రాస్తే చూడండి: "ఏడేళ్ళ గ్యాప్ తర్వాత మళ్ళీ ఉద్యోగంలో చేరాలనుకుంటున్నాను. ఇంట్లో ఇష్టం లేదు, ఆ సంగతి నేను చూసుకుంటాను. రెండేళ్ళ పాప ఉంది, పెద్దవాళ్ళెవరూ దగ్గర్లో లేరు. ఇలా చేరినవాళ్ళు మొదటి ఆరు నెలలు పాపని ఎవరి దగ్గర ఉంచారు, జ్వరం వచ్చిన రోజు ఏం చేశారు?" జ్వరం వచ్చిన రోజు అన్న ఆ ఒక్క ముక్క చాలు, చదివిన ప్రతి అమ్మకీ తన కథ గుర్తొచ్చి కూర్చుని రాస్తుంది. 'ఆ సంగతి నేను చూసుకుంటాను' అన్నది ఇంట్లోవాళ్ళ మీద చర్చకి తలుపు మూసేస్తుంది. ఊరికే చెప్పుకోవాలనే ఉంటే మొదటి లైన్‌లోనే 'సలహాలొద్దు, వినండి చాలు' అని రాయండి. అయినా ఇద్దరు సలహా ఇస్తారనుకోండి, వాళ్ళని ఆపడం ఎవరి తరమూ కాదు.

కామెంట్లు మొదలయ్యాక మాయమవకండి. కాసేపు అక్కడే ఉండి, అడిగినదానికి చెప్పి, బాగా రాసినవాళ్ళకి థాంక్స్ చెప్పండి. 'నీదే తప్పు' అన్నావిడతో వాదన పెట్టుకుంటే ఇక పోస్ట్ మీది కాదు, ఆ గొడవది. ఒక్కోసారి ఆవిడ మాటే నిజం కూడా, నా పోస్ట్ కింద ఒకావిడ "మీరు ఎప్పుడైనా కుదరదని చెప్పారా?" అని అడిగింది, నేను కోపంతో జవాబు ఇవ్వలేదు. చెప్పలేదు మరి. రెండొందల మంది విన్నది నా సగమే, వాళ్ళ తీర్పూ ఆ సగానికే.

ఇన్‌బాక్స్‌తో జాగ్రత్త. బాధ రాసిన గంటలోపు 'నాదీ సేమ్ మీలాంటి కథే అక్కా' అంటూ వచ్చే మెసేజ్ చివర్లో ఇంటి దగ్గరే సంపాదన, బరువు తగ్గే పౌడర్, జాతకం, అప్పు, వీటిలో ఏదో ఒకటి బయటికొస్తుంది. అందరూ అంతే అనను, కానీ నిజంగా సాయం చేసేవాళ్ళకి కామెంట్‌లో రాయడానికి అభ్యంతరం ఉండదు.

మెడికల్ రిపోర్టు ఫొటో పెట్టేటప్పుడు పేరు ఒక్కటే కాదు, పైనున్న నంబరు, బార్‌కోడ్ కూడా కొట్టేయాలి, అదీ హైలైటర్ లాంటి పల్చటి రంగుతో కాదు, బ్రైట్‌నెస్ పెంచితే కింద అక్షరాలు కనిపించేస్తాయి. గట్టి నలుపు వాడండి, లేదా కత్తిరించేయండి. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన చోటు కూడా దాగి ఉండొచ్చు, కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసుకోండి. పిల్లల ఫొటోలు, పక్క తడపడం, పరీక్ష తప్పడం లాంటి వాళ్ళ సంగతులు అసలు వద్దంటాను. పదేళ్ళ తర్వాత వాళ్ళే వెతుక్కుని చదువుతారు.

కొన్నిటికి మాత్రం గ్రూపు చోటే కాదు. కడుపులో బిడ్డ కదలిక తగ్గిందని, కాన్పయ్యాక గంటలోనే ప్యాడ్ నిండిపోతోందని, ఛాతీలో పట్టేసినట్టు ఉండి ఊపిరి ఆడట్లేదని, దవడో వీపో లాగుతూ చెమటలు పడుతున్నాయని పోస్ట్ పెట్టి కామెంట్ల కోసం చూడకండి. గుండెపోటు వికారం, ఆయాసం, దవడ నొప్పి రూపంలో రావడం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ, 'గ్యాస్ అయ్యుంటుంది' అని పదిమంది అన్నా అది వైద్యం కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, పోస్ట్ తర్వాత.

ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే ఇంకా జాగ్రత్త. మీ ఫోన్ లాక్ ఆయనకి తెలుసా? మీ అకౌంట్ ఇంట్లో ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి ఉందా? కామెంట్ వచ్చినప్పుడల్లా స్క్రీన్ మీద మెరుస్తుంది కదా, అది ఎవరు చూస్తున్నారు? ఇల్లు వదలాలనుకుంటే ఆ రోజు, ఆ చోటు ఎక్కడా రాయొద్దు. అలాంటి ఇళ్ళలో ఆడమనిషి వెళ్ళిపోతోందని తెలిసిన సమయమే అన్నిటికన్నా ప్రమాదమైనది. నమ్మకమైన ఒక్క మనిషికి, ఆయనకి తెలియని ఫోన్ నుంచి చెప్పండి.

రాసేశాక తేడా కొట్టిందనుకోండి. ముందు కామెంట్లు ఆపేయండి, పనికొచ్చే జవాబులు దాచుకోండి, ఆ తర్వాత డిలీట్ చెయ్యండి. స్క్రీన్‌షాట్ వెళ్ళిందని తెలిస్తే 'అది నేను కాదు' అనకండి. నేను అన్నాను, ఒక పూట.

మా ఆడపడుచు ఆ పోస్ట్ గురించి ఇప్పటికీ ఎత్తదు. డ్యూటీకి వెళ్తూ పిల్లలతో వస్తుంది. ఇదివరకు సరాసరి లోపలికొచ్చి బ్యాగ్ సోఫాలో పడేసేది. ఇప్పుడు గుమ్మం బయటే నిలబడి, ఇద్దరి చేతులూ పట్టుకుని, "వదలొచ్చా వదినా?" అని అడుగుతుంది.